భార్య పేరు చేర్చితే జీతంలో అదనపు కోత



ఈ రోజు మనం మాట్లాడుకునే విషయం అమెరికాది. అక్కడ ఉద్యోగులు కంపెనీ ఆరోగ్య బీమాలో భార్యనో భర్తనో చేర్చితే, కొన్ని కంపెనీలు మామూలు ప్రీమియం మీద ఇంకొంత సొమ్ము కోస్తాయి. దాన్ని స్పౌజల్ సర్‌చార్జ్ అంటారు. మనకెందుకు ఈ గొడవ అనుకోకండి. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో బిడ్డల్ని అమెరికా పంపిన ఇళ్లు మన మధ్య ఉన్నాయి. వెళ్లడానికి సిద్ధపడుతున్న యవ్వనస్థులూ ఉన్నారు. సంబంధం మాట్లాడేటప్పుడు జీతం ఎంత అని అడుగుతాం, వీసా ఏదని అడుగుతాం. అక్కడ మన అమ్మాయి జబ్బుపడితే బిల్లు ఎవరు కడతారని మాత్రం అడగం.

ముందు ఈ కోత ఎలా పడుతుందో చూద్దాం. భర్త ఒక కంపెనీలో, భార్య ఇంకో కంపెనీలో పనిచేస్తున్నారనుకుందాం. భార్య కంపెనీ ఆమెకు బీమా ఇస్తానంటుంది. ఆమె అది వద్దని భర్త బీమాలో చేరుతుంది. అప్పుడు భర్త కంపెనీ సర్‌చార్జ్ వేస్తుంది. నెలకు 100 డాలర్లు అనుకున్నా ఏడాదికి 1,200 డాలర్లు. కొన్ని కంపెనీలు ఇంకా ముందుకు వెళ్లి, సొంత కంపెనీలో బీమా దొరికే భాగస్వామిని అసలు చేర్చుకోమంటాయి. 2013లో యు.పి.ఎస్. కంపెనీ అలాంటి నిర్ణయమే ప్రకటించింది. దానివల్ల సుమారు 15,000 మంది భార్యాభర్తలు ఆ బీమా నుంచి తప్పుకోవలసి వచ్చింది.

అసలు వైద్యం ఉద్యోగానికి ఎందుకు ముడిపడింది? 1929లో డాలస్ నగరంలోని బేలర్ ఆసుపత్రి స్కూలు టీచర్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజులు ఆసుపత్రి వైద్యం. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో ప్రభుత్వం జీతాలు పెంచకుండా కట్టడి చేసింది, బీమా వంటి సదుపాయాలను మాత్రం వదిలేసింది. పనివాళ్ల కోసం కంపెనీలు బీమాను ఎరగా చూపాయి. అలా యుద్ధకాలపు ఏర్పాటు ఒకటి దేశానికి అలవాటైపోయింది.

2010లో వచ్చిన ఆరోగ్య చట్టం 50 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న కంపెనీలకు ఒక బాధ్యత పెట్టింది. పూర్తికాల ఉద్యోగికీ, 26 ఏళ్లలోపు పిల్లలకూ బీమా ఇవ్వజూపాలి, లేకపోతే జరిమానా. ఆ జాబితాలో భార్య లేదు, భర్త లేడు. కంపెనీలకు ఆ సందు చాలు. సర్‌చార్జ్‌ను ఫెడరల్ చట్టం నిషేధించలేదు.

కంపెనీల మాట కూడా వినాలి. కె.ఎఫ్.ఎఫ్. సంస్థ సర్వే ప్రకారం 2024లో కంపెనీ ద్వారా వచ్చే కుటుంబ బీమా ఖరీదు సగటున 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి కట్టింది 6,296. మిగతాది కంపెనీ కట్టింది. పక్క కంపెనీ తన ఉద్యోగి భారం తాను మోయకుండా మా మీద వేస్తే ఎలా అని వారి ప్రశ్న. పెళ్లికాని ఉద్యోగి కష్టార్జితం కూడా అందులో కలిసి ఉందని కూడా అంటారు. ఇందులో న్యాయం లేదని మేము అనం.

కానీ ఈ లెక్క ఎవరి మీద పడుతుందో చూడండి. భార్యకు బీమా దొరుకుతుందా లేదా అన్నదే సాధారణంగా చూస్తారు. ఆ బీమా ఎలాంటిదో చూడరు. చిన్న జీతానికి పనిచేసే మనిషికి ఆమె కంపెనీ ఇచ్చే బీమాలో మొదటి 5,000 డాలర్లు చేతి నుంచే పెట్టుకోవాలనుకోండి. అది పేరుకు బీమా, పనికి భయం. పెద్ద జీతం వచ్చే ఇంట్లో 1,200 డాలర్లు ఒక విహారయాత్ర ఖర్చు. చిన్న జీతం ఇంట్లో అది అద్దె. కోత ఇద్దరికీ ఒకటే, నొప్పి ఒకటి కాదు.

మన అమ్మాయిల సంగతికి వద్దాం. హెచ్ 4 వీసా మీద వెళ్లిన భార్యకు పని అనుమతి దానంతటదే రాదు. 2015 నుంచి, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ ఒక దశ దాటిన వారికి మాత్రం అనుమతి ఇస్తున్నారు. ఉద్యోగం లేని భార్యకు మామూలుగా ఈ సర్‌చార్జ్ వర్తించదు. అయితే ఆమెకు వేరే బీమా లేదని ఏటా ధృవీకరించమంటారు. చాలా చోట్ల గడువులోగా ఆ ఫారం నింపకపోతే కోత దానంతటదే మొదలవుతుంది. తర్వాత ఆమెకు ఉద్యోగం వస్తే వెంటనే తెలపాలి. దాచి సంతకం పెడితే అది అబద్ధపు సాక్ష్యమే, ఉద్యోగానికే ముప్పు.

కాబట్టి వెళ్లేవారికి నాలుగు మాటలు. ఏటా బీమా ఎంచుకునే రోజులు సాధారణంగా అక్టోబరు, నవంబరులో వస్తాయి. అప్పుడు భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని రెండు బీమాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రీమియం, సర్‌చార్జ్, డిడక్టిబుల్, ఏడాదిలో చేతి నుంచి పెట్టవలసిన గరిష్ఠ మొత్తం, అన్నీ కలిపి లెక్కేయండి. సర్‌చార్జ్ కట్టినా భర్త బీమాయే చవక కావచ్చు, కాకపోవచ్చు. రెండోది, పెళ్లయినా, బిడ్డ పుట్టినా, ఉన్న బీమా పోయినా, ఉద్యోగపు బీమాలో చేరడానికి 30 రోజుల వరకే గడువు ఉంటుందని గుర్తుపెట్టుకోండి. మూడోది, ఉద్యోగం పోతే కోబ్రా చట్టం కింద 20 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న కంపెనీల్లో అదే బీమాను 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, ఖర్చు పూర్తిగా మనదే. విడాకులైనా, భర్త చనిపోయినా భార్యకు 36 నెలల వరకు ఆ హక్కు ఉంది. విడాకులైతే 60 రోజుల్లోగా తెలియజేయాలి. ఈ సంగతి ఆమెకు తెలియాలి, ఆయనకు మాత్రమే తెలిస్తే చాలదు. నాలుగోది, బీమా కార్డూ, పాస్‌వర్డూ ఇద్దరి దగ్గరా ఉండాలి.

ఇప్పుడు మన దగ్గరున్న ఒక మేలు గుర్తుచేసుకుందాం. మన తాతల కాలం నుంచి మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసినవారికి ఈ.ఎస్.ఐ. కార్డు తెలుసు. 1948 చట్టంతో వచ్చింది అది. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైంది. నెల జీతం 21,000 రూపాయలు దాటని కార్మికుడు నూటికి 75 పైసలు, యజమాని మూడు రూపాయల పావలా కడతారు. అందులో భార్యకూ, పిల్లలకూ వైద్యం ఉంది. పెళ్లయిందని కోత పెరగదు. జబ్బును బట్టి కాదు, జీతాన్ని బట్టి చందా. డిస్పెన్సరీల్లో మందుల కొరత, వరుసల్లో పడిగాపులు మనకు తెలియనివి కావు. వాటి మీద పోరాడాలి. కానీ ఆ చందా వెనకున్న న్యాయాన్ని చిన్నచూపు చూడొద్దు. బెంగళూరు, చెన్నై, పుణె కంపెనీల్లో చేరిన మన పిల్లలకు చాలా చోట్ల భార్యాపిల్లలకు బీమా ఉంటుంది గాని, అమ్మానాన్నలను చేర్చాలంటే ప్రీమియం వేరే. సముద్రం అవతలి ప్రశ్నే మరో రూపంలో మన గుమ్మంలోనూ ఉంది. కుటుంబం అంటే ఎవరు? ఆ గీత ఎవరు గీస్తున్నారు?

లూకా సువార్తలో మంచి సమరయుడు గాయపడినవాణ్ని సత్రానికి చేర్చి, ఖర్చు తన మీద వేసుకున్నాడు. నీకు డబ్బు పెట్టేవారు వేరే ఉన్నారా అని ముందు ఆరా తీయలేదు. ఒక మనిషి దయను ఒక దేశం చట్టంగా మార్చుకుంటేనే అది అందరికీ అందుతుంది. మన యవ్వనస్థులు అక్కడికి వెళ్లి మంచి జీతం వస్తే సరిపోదు. కంపెనీ సమావేశాల్లో నోరు తెరిచి, చిన్న జీతాలవారికి ఈ కోత తగ్గించమని అడగాలి. జీతాన్ని బట్టి ప్రీమియం తగ్గించే కంపెనీలు అక్కడే ఉన్నాయి, అడగడం వింత కాదు.

ఈ వారం ఇంటికి వెళ్లాక అమెరికాలో ఉన్న మీ బిడ్డకు ఫోన్ చేసినప్పుడు, తిన్నావా అని అడిగాక ఇంకొక్క మాట అడగండి. మీ ఇద్దరి బీమా ఎవరి పేరున ఉంది, కోడలికి ఆ వివరాలు తెలుసా అని.