ఏడుగురు ఎక్కిన విమానం

రెండో ప్రపంచ యుద్ధమంతా చెప్పుకుంటే తెల్లారిపోతుంది. ఈ సాయంత్రం ఒక్క విమానం గురించి, అందులో ఉన్న ఏడుగురి గురించి మాత్రం మాట్లాడతాను.

1944 జూన్ 12 రాత్రి. మిత్రరాజ్యాల సైన్యం నార్మండీ తీరంలో దిగి ఆరు రోజులైంది. జర్మన్లు అక్కడికి రైళ్లలో బలగాలు పంపకుండా ఉత్తర ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డును దెబ్బతీయాలి. ఇంగ్లండ్‌లోని మిడిల్టన్ సెయింట్ జార్జ్ నుంచి కెనడా వైమానిక దళం 419వ స్క్వాడ్రన్ లాంకాస్టర్ బాంబర్లు ఆ పని మీదే బయల్దేరాయి. వాటిలో ఒకటి కేబీ726. పైలట్ ఆర్ట్ డి బ్రేన్.

అర్ధరాత్రి దాటాక యుంకర్స్ 88 అనే జర్మన్ యుద్ధవిమానం ఒకటి వెనక నుంచి వచ్చి కొట్టింది. ఎడమ రెక్క మీది రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. రెక్కకూ విమానం నడుముకూ మంటలు అంటుకున్నాయి. ఇక లాభం లేదని పైలట్ అందరినీ దూకమన్నాడు.

ఇక్కడ మీకు ఒక యంత్రం సంగతి చెప్పాలి. లాంకాస్టర్ తోక చివర తుపాకులున్న, తిరిగే గది లాంటి టరెట్ ఒకటి ఉంటుంది. అందులో గన్నర్ ఒక్కడే, అందరికీ వీపు పెట్టి, గంటల తరబడి చలిలో కూర్చుంటాడు. ఆ టరెట్‌ను తిప్పే హైడ్రాలిక్స్‌కు శక్తి ఎడమవైపు చివరి ఇంజన్ నుంచి వస్తుంది. ఇంజన్ పోయింది, టరెట్ సగం తిరిగి బిగుసుకుంది. లోపల పాట్ బ్రోఫీ. ఇటు విమానంలోకి రాలేడు, అటు బయటికి దూకలేడు. చేత్తో తిప్పే పిడి ఒకటి ఉంటుంది. అది కూడా విరిగి చేతిలోకొచ్చింది!

పై టరెట్ గన్నర్ ఆండ్రూ మైనార్‌స్కీ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. కెనడాలోని విన్నిపెగ్‌కు వలస వచ్చిన పోలిష్ కుటుంబం వాడు, వయసు 27. దూకబోతూ వెనక్కి చూశాడు, బ్రోఫీ కనిపించాడు. మంటల్లోంచి పాక్కుంటూ వెళ్లి గొడ్డలితో కొట్టాడు. ఊడలేదు. చేతులతో లాగాడు. బట్టలు నడుం దాకా అంటుకున్నాయి. వెళ్లిపొమ్మని బ్రోఫీ చేతులూపాడు. మైనార్‌స్కీ వెనక్కి పాకి, తలుపు దగ్గర నిలబడి, సెల్యూట్ చేసి దూకాడు. పారాచూట్ కూడా మండుతోంది. నేల మీద ఫ్రెంచివాళ్లకు దొరికాడు గానీ ఆ కాలిన గాయాలతో బతకలేదు.

ముందు భాగంలో బాంబ్ ఎయిమర్ పరిస్థితి ఇంకోలా ఉంది. తలుపు తెరుస్తుంటే అది తలకు తగిలి స్పృహ తప్పాడు. ఫ్లైట్ ఇంజనీర్ అతనికి పారాచూట్ తగిలించి బయటికి తోసి, తర్వాత తనూ దూకాడు. వాళ్లిద్దరూ జర్మన్లకు చిక్కి యుద్ధఖైదీలయ్యారు.

ఇక బ్రోఫీ. మనుషులంతా దిగిపోయిన విమానంలో, బాంబులు ఇంకా లోపలుండగానే, ఒంటరిగా నేలకు వచ్చాడు. విమానం చెట్టును ఢీకొన్నప్పుడు టరెట్ పగిలి అతను అవతల పడ్డాడు. పెద్ద గాయం కూడా లేదు. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి, నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి, నాకు మాట లేదు.

అతనూ, పైలట్, నావిగేటర్, వైర్‌లెస్ ఆపరేటర్ మొత్తం నలుగురు తప్పించుకున్నారు. ఎలా? సైన్యం వీళ్లకు పట్టుగుడ్డ మీద అచ్చేసిన మ్యాపులు, గుండీల్లో దాచిన దిక్సూచులు ఇచ్చేది. పైభాగం కోసేస్తే మామూలు షూల్లా కనిపించే బూట్లు కూడా ఉండేవి. ఇవన్నీ ఆసక్తికరమే. కానీ నా లెక్కలో అసలు ఆధారం ఏ ఇంటి తలుపు తెరుచుకుందన్నదే. యూనిఫాంలో పట్టుబడ్డ వైమానికుడికి జెనీవా ఒప్పందం అండ ఉంది. అతనికి అన్నం పెట్టిన రైతుకు ఏ ఒప్పందమూ లేదు. దొరికితే కాల్చివేత, లేదా జర్మనీ నిర్బంధ శిబిరం.

పైగా ఆ రైతుల ఊళ్ల మీదే ఈ విమానాలు బాంబులు వేస్తున్నాయి. ఆ యుద్ధంలో మిత్రరాజ్యాల బాంబుల కింద చనిపోయిన ఫ్రెంచి పౌరులు యాభై వేలకు పైనే. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి కదా, అలాంటిది అక్కడ ఏళ్ల తరబడి. అయినా తలుపులు తెరిచారు. అందరూ తెరవలేదనుకోండి. పౌర దుస్తుల్లో దాక్కుని, నమ్మినవాళ్ల చేతుల్లోనే మోసపోయిన వాళ్లు ఎందరో. అలా పట్టుబడ్డవాళ్లతో కలిపి 168 మంది వైమానికులను ఆ ఆగస్టులోనే యుద్ధఖైదీల శిబిరానికి కాకుండా బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపారు.

బ్రోఫీని ఫ్రెంచి ప్రతిఘటన దళం దాచింది. సెప్టెంబరులో లండన్ చేరాకే మైనార్‌స్కీ చనిపోయాడని అతనికి తెలిసింది. ఆ టరెట్ దగ్గర జరిగింది చూసిన రెండో మనిషి లేడు. అతను చెప్పబట్టే 1946 అక్టోబరు 11న మైనార్‌స్కీకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఇప్పుడు కెనడాలోని హామిల్టన్ మ్యూజియంలో ఎగరగలిగే లాంకాస్టర్ ఒకటి ఉంది, దానికి కేబీ726 రంగులూ అక్షరాలే వేశారు. దాని ఫోటోలు ఆ బల్ల మీద పెట్టాను. చూస్తూ ప్రశ్నలు అడగండి. ముందు వరసలో పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు. మీరు చెప్పండి.