యారో మొక్కని ప్రేమతో చంపకండి!
అమెరికాలో ఇంటి వెనక మొక్కలు పెంచే మనవాళ్ళ కోసం ఈ ఎపిసోడ్. యారో అంటే మన చామంతి కుటుంబం మొక్కే. అమ్మ గులాబీలకి చేసినట్టే నేనూ రోజూ నీళ్ళు పోశా, తెగ ఎరువు వేశా. కాడలు పొడుగ్గా సాగి పడిపోయాయి, తర్వాత వేర్లు కుళ్ళిపోయాయి. తప్పు మొక్కది కాదు, నాదే.

దీనికి కావాల్సింది రోజుకి కనీసం 6 గంటల ఎండ, నీరు నిలవని నేల. ఎరువు దాదాపు అక్కర్లేదు. వేరూనాక, మట్టి బాగా ఆరితేనే నీళ్ళు పోయండి. వాడిన పూలు కత్తిరిస్తే మళ్ళీ పూస్తుంది. నేల లోపల పాకుతుంది కాబట్టి 2–3 ఏళ్ళకోసారి గుబురు తవ్వి, విడదీసి నాటుకోండి. కుక్క, పిల్లి ఉంటే అందనివ్వకండి, తింటే వాటికి విషం.

రెండో మొక్క ఇప్పుడు నిండా పూసింది. నీళ్ళు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడండి, అంతే. ఉంటా మరి!