ముందు తిట్టకండి, ఫోన్ చేయండి

పట్టాలు అందుకున్న మీకు అభినందనలు. ఈ గౌన్లలో ఉక్కపోత ఎలా ఉందో నాకూ తెలుస్తోంది కనుక మర్యాదలు ఇక్కడితో చాలిస్తాను.

పోలీసు శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లు సైబర్ క్రైమ్ విభాగంలో గడిచాయి. దొంగల్ని పట్టిన కథలు సినిమావాళ్లు నాకన్నా బాగా చెబుతారు. నేను చెప్పేది ఫిర్యాదు తీసుకునే బల్ల దగ్గరి సంగతి.

ఒకరోజు రిటైరైన లెక్కల మాస్టారొకరు వచ్చారు. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తామని మెసేజ్ వచ్చిందట. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏదో యాప్ వేసుకోమన్నారు. వేసుకున్నారు, ఖాతా ఊడ్చుకుపోయింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పోయిన ప్రతి వరుస కిందా స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత గీసి తెచ్చారు. బల్ల అవతల మా కుర్రాడు అడిగిన మొదటి మాట: "ఇంత చదువుకుని ఎలా మోసపోయారండీ?" మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నారు. బతిమాలి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి ఫిర్యాదు రాయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డబ్బు పోయి అప్పటికే మూడో రోజు. ఇన్నాళ్లూ ఎందుకాగారంటే, "అబ్బాయి నవ్వుతాడని" అన్నారు. అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

నవ్వేది మీరే బాబూ! ఫ్యామిలీ గ్రూపులో నాన్న ఫార్వర్డ్ చేసినదానికి నవ్వే ఎమోజీ పెట్టేదెవరు? ఆ భయానికే ఆయన పోయిన సొమ్ము సంగతి కడుపులో దాచుకుంటాడు. ఈలోగా దొంగల ఖాతాలో డబ్బు ఆగదు. ఒక ఖాతా నుంచి నాలుగు ఖాతాలకు చీలి, చివరికి ఏటీఎంలో నోట్లై చేతులు మారుతుంది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ వివరాలు బ్యాంకులకు చేరతాయి, ఖాతాలో ఇంకా మిగిలింది ఉంటే హోల్డులో పడుతుంది. 2021లో వచ్చిన ఏర్పాటిది. తెలంగాణలో అలా ఆగిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు. మూడో రోజు వస్తే ఎవరైనా ఏం ఆపుతారు?

2022 జాతీయ లెక్కల్లో సైబర్ కేసులు ఎక్కువ నమోదైంది తెలంగాణలోనే, 15,297. పరువు పోయిందన్నారు కొందరు. నన్నడిగితే, కేసులు తక్కువ నమోదైన చోటునే అనుమానించాలి. అక్కడ జనానికి ఎవరిని అడగాలో తెలియదు, లేదా అడిగితే తిడతారని తెలుసు.

పోలీసులు ఒప్పులకుప్పలని చెప్పడం లేదు. ఐటీ చట్టం కింద ఇన్‌స్పెక్టరుకు తక్కువ హోదావారు దర్యాప్తు చేయకూడదు; ఫైళ్లేమో గుట్టలు. అయినా డబ్బు తిరిగి రానివాళ్లు కూడా, కేసు ఎక్కడ ఆగిందో మేం ఫోన్ చేసి చెబితే దణ్ణం పెట్టి వెళ్లారు. ఫిర్యాదు నంబరు చేతికిచ్చి మరిచిపోతే మాత్రం తిట్టిపోశారు. తిట్టాల్సిందే.

ఇప్పుడు నా వంతు తిట్టు. మాస్టారి డబ్బు మొదట దిగింది ఒక డిగ్రీ కుర్రాడి ఖాతాలో. కమిషన్‌కు ఆశపడి ఏటీఎం కార్డు, సిమ్ము అద్దెకిచ్చాడు. "నాకేం తెలీదు సార్" అన్నాడు, ఆ కమిషన్‌తో కొన్న కొత్త బూట్లు వేసుకునే వచ్చి. మీలో ఎవరిదైనా అలాంటి బేరం నడుస్తుంటే, పట్టా అమ్మ చేతికిచ్చి, ముందు బ్యాంకుకెళ్లి ఖాతా ఆపించి, స్టేషన్లో సంగతి చెప్పండి. భోంచేసి వెళ్లినా ఫరవాలేదు.