ట్యూబులైటు చోకు నుంచి ఎమ్మారై గది దాకా



మన ఇళ్ళలో పాత ట్యూబులైటు గుర్తుందా? స్విచ్చి వేయగానే వెలిగేది కాదు. రెండు మూడుసార్లు టపటపా కొట్టుకుని అప్పుడు వెలిగేది. వెలగకపోతే నాన్న కుర్చీ ఎక్కి స్టార్టరు తిప్పేవారు. ఫిట్టింగులో బరువుగా కూర్చున్న చోకును ఎవరూ పట్టించుకునేవారు కాదు. అసలు పని దానిదే.

చోకు అంటే ఇనుప రేకుల కట్ట చుట్టూ చుట్టిన తీగ. కరెంటు పారితే అందులో అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. కరెంటు మారబోతే క్షేత్రమూ మారాలి. అలా మారే క్షేత్రం, ఆ మార్పుకే ఎదురు తిరిగే వోల్టేజీని తీగలో పుట్టిస్తుంది. స్థిరంగా పారే కరెంటుతో దానికి పేచీ లేదు. స్టార్టరు తెరుచుకుని కరెంటు దారి తెగగానే మాత్రం చోకు ఒప్పుకోదు. క్షణంపాటు వందల వోల్టులు పుట్టించి, ట్యూబులోని వాయువు గుండా దారి చేసుకుంటుంది.

పొడవాటి తీగను బ్యాటరీ నుంచి విడదీసేటప్పుడు వచ్చే నిప్పురవ్వ గురించి 1832లో రాసినవాడు, ఇక్కడి అల్బనీ అకాడెమీలో పాఠాలు చెప్పుకునే జోసెఫ్ హెన్రీ. ఇండక్టెన్సును ఆయన పేరుతోనే కొలుస్తున్నాం. అందులో సగాన్ని కరెంటు వర్గంతో గుణిస్తే తీగచుట్టలో దాగిన శక్తి వస్తుంది. చోకులో అది ఒక జౌలుకు మించదు.

ఇదంతా ఎందుకంటే, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఎమ్మారై స్కానుకు తీసుకెళ్ళేవాళ్ళం మనలో చాలామందిమి. చాలా ఆసుపత్రుల్లోని ఆ యంత్రంలో ఉన్నదీ తీగచుట్టే. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఆ తీగకు నిరోధం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కించి కొసలు కలిపేస్తే ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉంటుంది. దాగిన శక్తి లక్షల జౌళ్ళు. స్కాను చప్పుడు ఆగినా అయస్కాంతం ఆగదు. అత్యవసరంగా ఆపాలన్నా హీలియం ఆవిరై పోవాలి, దానికి పదుల సెకన్లు పడుతుంది. ఇనుప వస్తువు ఎగిరి రావడానికి అంతసేపు అక్కర్లేదు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండరు అలాగే ఎగిరి, స్కానులో ఉన్న ఆరేళ్ళ బాబు చనిపోయాడు.

అమ్మ కొప్పులో పిన్నులు, నాన్నగారి పేస్‌మేకరు సంగతి ముందే చెప్పండి. స్కాను అయిపోయింది కదా అని మీ చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వెళ్ళకండి. ఆ గదికి ఇనుము లేని కుర్చీ వేరే ఉంటుంది, సిబ్బందినే తెమ్మనండి.