గింజకు నత్రజని ఇచ్చేది ఆకు – బస్తా అదునుకే రావాలి
(సంఘం అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం ఎంత గోస పడ్డామో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. తెల్లవారకముందే చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డాం. ఆలస్యమైతేనేం, చివరికి బస్తా అందింది కదా అనేవాళ్లు ఉన్నారు. పైరు మాత్రం అలా అనుకోదు. ఎందుకో తెలియాలంటే నత్రజని మొక్కలో ఏ దారిన నడుస్తుందో చూడాలి.

45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. నీళ్లు నిలిచిన వరి మడిలో యూరియా అమ్మోనియంగా మారితే వేరు పీల్చుకుంటుంది. మక్క, పత్తి చేలల్లో ఎక్కువగా నైట్రేటు రూపంలో అందుతుంది. మొక్క దాన్ని అమైనో ఆమ్లాలుగా మార్చుకుంటుంది. మాంసకృత్తులు తయారయ్యేది వీటితోనే.

మొక్కలో రెండు కాలువలున్నాయి. మొదటిది దారువు. ఇది వేరు నుంచి నీటిని, అందులో కరిగిన పోషకాలను పైకి తెస్తుంది. ఏ ఆకు ఎక్కువ నీటిని ఆవిరిగా వదులుతుందో ఆ ఆకుకే ఎక్కువ పారుతుంది. పొట్టు లోపల ఉన్న గింజ ఆవిరి వదిలేది చాలా తక్కువ. కాబట్టి ఈ కాలువ మీద గింజ చివరి ఆయకట్టు రైతులాంటిది, నేరుగా అందేది కొద్దిగానే.

గింజను ఆదుకునేది రెండో కాలువ, పోషక కణజాలం. ఆకులో తయారైన చక్కెరను, అమైనో ఆమ్లాలను ఇది కొత్త చిగురుకు, వేరుకు, కంకికి మోస్తుంది. ఆకు ఎదిగేటప్పుడు నత్రజనిని మాంసకృత్తులుగా దాచుకుంటుంది. వెన్ను తీశాక కింది ఆకులు మొదలుకొని ఆ మాంసకృత్తులను విడగొట్టి, అమైనో ఆమ్లాలుగా కంకికి పంపుతాయి. వరి గింజలో చేరే నత్రజనిలో ఎక్కువ భాగం ఇలా ఆకులు, కాడలు అప్పజెప్పిందే. కోత ముందు చేను పండుబారడం రోగం కాదు, అప్పగింత.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరినే తీసుకోండి. ఈ హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ బంగళాల్లోనైనా, వాటి పక్క బస్తీల్లోనైనా సన్నబియ్యం అంటే ముందు గుర్తొచ్చేది ఆ రకమే. క్వింటా బియ్యంలో సుమారు 7 కిలోల మాంసకృత్తులు ఉంటాయి, వాటిలో కిలోకు కాస్త పైగా నత్రజని. తినేవాళ్లకు కనిపించేది గింజ. దాన్ని నింపి ఎండిపోయిన ఆకు మనకే కనిపిస్తుంది.

చేను ఎంత ఎక్కువ రోజులు పచ్చగా ఉంటే అంత మంచిదనే నమ్మకం మనలో ఉంది. 2006లో అమెరికా, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు అడవి గోధుమలోని ఒక జన్యువు గురించి చెప్పారు. ఆ కోవ జన్యువులను అణచిన గోధుమ మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండింది. గింజలో మాంసకృత్తులు మాత్రం 30 శాతానికి పైగా తగ్గాయి. ఆకు పచ్చగా ఉండిపోయింది కానీ, దాచుకున్నది గింజకు ఇవ్వలేదు.

ఈ నడక తెలిస్తే పొలంలో ఆకే మనకు లెక్క చెబుతుంది. నత్రజని కదిలే పోషకం. కొరత వస్తే మొక్క ముసలి ఆకు నుంచి తీసి లేత ఆకుకు ఇస్తుంది, అందుకే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము, గంధకం అంతగా కదలవు, కాబట్టి వాటి కొరత లేత ఆకుల్లో ముందు కనిపిస్తుంది. లేత ఆకు పసుపెక్కితే యూరియా చల్లడం డబ్బు దండగ. వేరుశనగలో కాల్షియం కూడా అంతే. ఆకుల నుంచి అది కాయకు దిగదు, ఊడ దిగిన చోట మట్టిలోంచే కాయ తీసుకోవాలి. పూత, ఊడలు దిగే దశలో మొదళ్ల దగ్గర ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమనేది అందుకే.

ఇక అదును సంగతి. వరికి నత్రజనిని మూడు దఫాలుగా వేయాలని సిఫారసు: దమ్ములో, పిలకలు వేసేటప్పుడు, అంకురం దశలో. అంకురం దశ కోతకు సుమారు 60–65 రోజుల ముందు వస్తుంది. తల్లి పిలకను పీకి మొదలు దగ్గర నిలువునా చీల్చి చూడండి. లోపల తెల్లని సన్నని మొగ్గ కనిపిస్తే అదే అదును. అప్పుడు వేసింది పై ఆకుల్లోకి చేరి, వెన్నులో గింజల సంఖ్యను నిలబెడుతుంది. వెన్ను బయటికి వచ్చాక గింజల సంఖ్య పెరగదు. అప్పుడు చల్లిన బస్తా దిగుబడికి కలిపేది కొంచెమే. పైగా అగ్గి తెగులును, ఎండాకు తెగులును, దోమను పిలిచినట్టే.

పోటాకును, దాని కింది రెండు ఆకులను కాపాడుకోవడం కూడా ఎరువు వేయడంతో సమానం. అవి ముందే మాడితే అప్పగింత సగంలో ఆగుతుంది. సాంబమసూరిలోనే ఎండాకు తెగులును తట్టుకునే రకాన్ని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి తయారు చేశాయి. ఆ రకం 2008లో విడుదలైంది.

కాబట్టి మన వైపు నుంచి చేయాల్సింది ఉంది. భయంతో ఒకేసారి రెండు బస్తాలు కుమ్మరించవద్దు. మడిలో వేసిన నత్రజనిలో సగం కూడా పైరుకు అందదు. నీరు తీసి బురద పదును మీద చల్లి, తర్వాత నీరు పెట్టండి.

ప్రభుత్వం వైపు నుంచి చేయాల్సింది అంతకంటే పెద్దది. ఏ మండలంలో ఎప్పుడు నాట్లు పడ్డాయో వ్యవసాయ శాఖకు తెలుసు. నాటు తేదీ, రకం తెలిస్తే అంకురం దశ ఏ వారంలో వస్తుందో లెక్క కట్టవచ్చు. ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యం ఉన్న కర్మాగారం మన రామగుండంలోనే ఉంది. సీజన్ మొత్తానికి ఇన్ని లక్షల టన్నులు ఇచ్చామనే లెక్క మాకు చాలదు. ఏ వారం, ఏ మండలానికి, ఎన్ని బస్తాలు చేరాయో చెప్పాలి. అంకురం దశ దాటాక వచ్చిన బస్తా తూకంలో 45 కిలోలే ఉంటుంది, గింజలో మాత్రం ఉండదు.

ఈ డిమాండుతో ప్రతి గ్రామ శాఖ తమ ఊరి నాటు తేదీలు రాసి, మండల వ్యవసాయ అధికారికి ముందుగానే వినతిపత్రం ఇవ్వాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.