పరిమళాచార్యుల చదువు



కర్నూలు జిల్లాలో తుంగభద్ర యొడ్డుననున్న మంత్రాలయమునకు పూర్వనామము మంచాల. గ్రామదేవత మంచాలమ్మ. నేటికిని యాత్రికులు ముందుగా నామెను దర్శించి, పిదపనే రాఘవేంద్రస్వామివారి బృందావనమును సేవింతురు. ఆదవానిని పాలించిన సిద్ది మసూద్‌ఖాను ఈ గ్రామమును స్వామివారికి సమర్పించెనని ప్రతీతి. 1671లో వారిచ్చటనే సజీవముగా బృందావనప్రవేశము చేసిరి.

అక్షరమెఱుగని పశులకాపరి వెంకన్న స్వామివారిని స్మరించి లేఖను చదివి, దివాను పదవి నందెనను కథ మన సీమలో పసిపిల్లలకును తెలియును. అట్టి యదృష్టము మనకేల కలుగును? స్వామివారంతటివారే కష్టపడి చదివిరి. ఈ రజతోత్సవ సభలో ఆ ముచ్చటయే చెప్పదగినది.

సన్న్యాసమునకు పూర్వము వారు వేంకటనాథుడను పేదగృహస్థు. కుంభకోణమున సుధీంద్రతీర్థులకడ చదువుకొనుచు, తోడి శిష్యులు నిద్రించు వేళ చితుకుల మంట వెలుగున జయతీర్థుల న్యాయసుధకు వ్యాఖ్య వ్రాసికొనుచుండెననియు, అలసి నేలపై నొరగియుండగా గురువు చూచి తన శాలువ కప్పెననియు మఠసంప్రదాయము. తెల్లవాఱిన పిదప గురువు మెచ్చి పరిమళాచార్యుడని బిరుదమిచ్చెనట. ఆ వ్యాఖ్య పేరు పరిమళము.

నేడు మంత్రాలయము పోయినవారు పరిమళప్రసాదమును తెచ్చి యింటింట పంచుదురు; ఆ పేర నొక గ్రంథము కలదని యెఱిగినవారు మాత్రము అరుదు.