సున్నా దగ్గర నిలవని ముల్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ ఉద్యోగంలోంచి ఒక్క విషయం చెప్పు, అందరికీ అర్థమవ్వాలి" అన్నారు కార్యదర్శిగారు. హైబ్రిడ్ కార్లలో విద్యుత్ లోపాలు పట్టుకోవడం నా పని. ఆ కార్లలో ఒక చిన్న సెన్సర్ ఉంటుంది, అరచేతిలో పడుతుంది. దాని విషయంలో పొరపడి ఒక మనిషికి నష్టం చేశాను. అదే చెబుతాను.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతో పాటు మోటారు, పెద్ద బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు బండి వేగమే కరెంటుగా మారి బ్యాటరీలోకి వెళుతుంది, బయలుదేరేటప్పుడు బయటికి వస్తుంది. ఈ తరహా కార్లలో పేరున్న ప్రియస్ జపానులో 1997 డిసెంబరులో వచ్చింది. దాని రెండో తరం కారులో 28 మాడ్యూళ్లు వరసగా కలిపి 201.6 వోల్టులు తెచ్చారు. వోల్టులు అన్ని ఉన్నా సామర్థ్యం 6.5 ఆంపియర్-గంటలే. అంటే వేగంగా నిండి వేగంగా ఖాళీ అయ్యే చిన్న బిందె. అది పూర్తిగా నిండకూడదు, అడుగంటకూడదు. మధ్యలోనే ఉంచాలి, లేకపోతే ఆయుష్షు తగ్గుతుంది.

బిందెలో ఎంత ఉందో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? వోల్టేజి చూసి చెప్పడం కష్టం. ఈ నికెల్ బ్యాటరీల్లో సగం ఉన్నా, ముప్పాతిక ఉన్నా వోల్టేజిలో పెద్ద తేడా కనిపించదు. అందుకని లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని క్షణక్షణం లెక్క రాసుకుంటుంది. ఆ లెక్కకు అంకెలు అందించేదే కరెంటు సెన్సర్.

అది పనిచేసే తీరు మనకు ఈ బళ్లోనే చెప్పారు. తీగలో కరెంటు పంపితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గుర్తుందా? 1820లో ఆయిర్‌స్టెడ్ గమనించింది. 1879లో హాల్ అనే ఆయన, అయస్కాంత క్షేత్రంలో ఉన్న లోహపు రేకులో కరెంటు పోతుంటే అడ్డంగా చిన్న వోల్టేజి పుడుతుందని కనిపెట్టాడు. ఈ రెండూ కలిస్తే మన సెన్సర్. బ్యాటరీ కేబుల్ చుట్టూ ఉంగరంలా కూర్చుంటుంది, కేబుల్‌ని కోయక్కర్లేదు. 5 వోల్టులు ఇస్తే, కరెంటు లేనప్పుడు 2.5 వోల్టులు తిరిగి ఇస్తుంది. చార్జి అవుతుంటే ఒక పక్కకు, వాడుతుంటే రెండో పక్కకు జరుగుతుంది.

తీగ తెగితేనో, షార్టయితేనో సంకేతం 0 దగ్గరో 5 దగ్గరో ఇరుక్కుపోతుంది. కంప్యూటరు వెంటనే పసిగట్టి కోడ్ రాసి దీపం వెలిగిస్తుంది. అది సులువైన జబ్బు. కష్టమల్లా సెన్సర్ నమ్మేలా అబద్ధం చెప్పినప్పుడే.

నేను అమెరికాలో ఒక వర్క్‌షాపులో పనిచేసే రోజుల్లో ఒక టాక్సీ డ్రైవరు వచ్చాడు. కారు ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. బ్యాటరీ దాదాపు నిండుగా ఉన్నట్టు గీతలు చూపిస్తుంది, ఉన్నట్టుండి పడిపోతుంది, ఇంజను ఆగకుండా తిరుగుతుంది. కోడ్ చూస్తే బ్యాటరీ క్షీణించిందని ఉంది. బండి బాగా తిరిగింది కూడా. నేను మరో ఆలోచన చేయలేదు, బ్యాటరీ మార్చమని రాసిచ్చాను. రెండు నెలల సంపాదన అన్నాడు. మార్పించుకున్నాడు.

మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. అదే దీపం, అదే కోడ్. ఆయన కోప్పడలేదు. "మీరు చూసి చెప్పారా, మెషీన్ చెప్పింది చెప్పారా?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ల్యాబ్‌లో అమ్మీటరు కలపబోతే చేయి పట్టుకుని ఆపి, "కరెంటు ఇవ్వకముందు ముల్లు ఎక్కడుందిరా?" అనేవారు. స్క్రూగేజీకి శూన్యాంశ దోషం రాయకపోతే రికార్డు వెనక్కి విసిరేవారు. (మా బ్యాచిలో ఎక్కువసార్లు ఏరుకున్నది నేనే.)

మర్నాడు ఆ ప్రశ్నే కారుని అడిగాను. తాళం తిప్పి, బండి నడిచే స్థితికి రాకుండా ఉంచితే మెయిన్ రిలేలు మూసుకోవు. బ్యాటరీకీ బయటికీ సంబంధం ఉండదు, కాబట్టి కరెంటు సున్నా కావాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సున్నాయే చూపించింది. గంటసేపు తిప్పి తెచ్చి అదే స్థితిలో చూస్తే 2 ఆంపియర్లు చార్జి అవుతున్నట్టు చూపించింది. ఎక్కడి నుంచి చార్జి?

2 ఆంపియర్లు అంటే మీకు చిన్నగా అనిపించవచ్చు. గంటకు 2 ఆంపియర్-గంటలు. 6.5 ఉన్న బిందెలో దాదాపు 30 శాతం. రాని కరెంటుని కంప్యూటరు జమ వేసుకుంటోంది. నిండిందని నమ్మి ఖర్చు పెడుతోంది. నిజంగా అడుగంటి వోల్టేజి పడిపోయేసరికి, బ్యాటరీ దాచుకోలేకపోతోందని నింద వేస్తోంది.

నారింజ రంగు తీగలున్న చోట 200 వోల్టుల పైన ఉంటుంది. రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని, సర్వీస్ ప్లగ్ పీకి జేబులో వేసుకుని (ఇంకెవరూ తిరిగి పెట్టకుండా), పది నిమిషాలు ఆగి మూత తీశాను. సెన్సర్ మారుద్దామనే నా ఉద్దేశం, కానీ ఒకసారి తొందరపడ్డవాణ్ణి కదా, ముందు కనెక్టరు విప్పాను. ఎర్తు పిన్ను మీద పచ్చగా చిలుము. డిక్కీ రబ్బరు చిరిగి నీళ్లు దిగినట్టున్నాయి.

ఇక్కడ ఓమ్ సూత్రం చాలు. చిలుము నిరోధం వేడెక్కినప్పుడు 2 ఓములు. సెన్సర్ వాడుకునేది 20 మిల్లీఆంపియర్లు. గుణిస్తే 40 మిల్లీవోల్టులు, సెన్సర్ ఎర్తు అంత పైకి లేచింది. అది ఇచ్చిన 5 వోల్టుల్లో సగాన్ని సున్నా అనుకునే సెన్సర్, కాబట్టి అందులో సగం, 20 మిల్లీవోల్టులు, జరిగింది. ఆ సెన్సర్‌లో ఆంపియరుకు 10 మిల్లీవోల్టులు. లెక్క సరిపోయింది. బ్యాటరీ తప్పు లేదు, సెన్సర్ తప్పూ లేదు. పిన్ను మార్చి, డిక్కీ రబ్బరు వేస్తే దీపం మళ్లీ వెలగలేదు.

పాత బ్యాటరీ అప్పటికే రీసైక్లింగ్‌కి వెళ్లిపోయింది. యజమానితో వాదించి కూలి డబ్బు వెనక్కి ఇప్పించగలిగాను. బ్యాటరీ డబ్బు ఇప్పించలేకపోయాను.

ఇప్పుడు మన ఊళ్లలోనూ హైబ్రిడ్ కార్లు తిరుగుతున్నాయి, మీలో కొందరు కొనే ఉంటారు. బ్యాటరీ పోయిందని ఎవరైనా అంటే, రిలేలు తెరుచుకుని ఉన్నప్పుడు కరెంటు ఎంత చూపిస్తోందో అడగండి. చల్లగా ఒకసారి, తిప్పి తెచ్చాక ఒకసారి. పైన విడిగా డీసీ క్లాంప్ మీటరు పెట్టి పోల్చి చూశారా అనీ అడగండి. దాన్నీ ముందు సున్నాకి తేవాలి సుమా, అదీ హాల్ సెన్సరే. మీరు మాత్రం నారింజ తీగలు ముట్టుకోవద్దు.

పొద్దున ల్యాబ్ గది తెరిపించుకుని చూశాను. మన పాత అమ్మీటరు ఇంకా అల్మరాలో ఉంది. ముల్లు సున్నాకి ఒక గీత కుడివైపున నిలబడి ఉంది. కింద అంటించిన కాగితం మీద మాస్టారి చేతిరాత, సిరా వెలిసిపోయినా చదవడానికి వస్తోంది: "ఒకటి తీసివేయుము."